అప్పకు చెప్పాల్సిన కబురు

ఏడవడం నాకు బాగా వచ్చిన పని. గొప్పకు చెప్పుకోవడం కాదు, మా జాలరిపేటలో ఎవరినడిగినా చెబుతారు. ఎవరింట్లో ప్రాణం పోయినా పాడె కట్టేలోపు నాకు కబురు వచ్చేది. నేను వెళ్ళి తల దగ్గర కూర్చుని రాగం ఎత్తితే, అప్పటిదాకా గోడకు ఆనుకుని బిగుసుకుపోయిన మగవాళ్ళు కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. అలాంటి నాకు జబ్బు చేసి, ఏడుపు రావలసిన చోట నవ్వు రావడం మొదలైంది. మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం తగిలి, లేచాక వేళకాని వేళ నవ్వుతున్నారంటే వాళ్ళని తిట్టకముందు ఇది చదవండి. నా మనసు కుదుటపరచుకోవడానికి కూడా రాస్తున్నాను, దాచడం దేనికి.

రాగం అంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు. చనిపోయిన మనిషితో మాట్లాడుతూ ఏడవడమే రాగం. దానికి కూలీ ఉండదు, పిలుపు ఉంటుంది, అంతే. నాకు నేర్పింది మా అప్ప పోలమ్మ. మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆవిడే. పెదవాల్తేరు రోడ్డు పక్క చేపలమ్మి నన్ను పదో తరగతి దాకా చదివించింది, అంగన్‌వాడీ టీచర్ని చేసింది.

"సచ్చినోల్లని పొగడకే గుంటా," అనేది అప్ప. "ఆల్లకి కబుర్లు సెప్పాల. ఆల్లింక బయటికొచ్చి ఇనుకోలేరు కదేటి. బోటు బాగయినాదా, అల్లుడొచ్చినాడా, వొలలో ఏటి పడ్డాదా, అన్నీ సెప్పు."

అలాగే చెప్పేదాన్ని. ముందుగా అనుకుని వెళ్ళిన మాట ఒక్కటీ నిలబడేది కాదు. అక్కడ కూర్చుని ఆ మొహం చూశాక లోపల ఏదో పట్టి లాగేది, ఆ లాగుడుకి మాటలు వాటంతట అవే వచ్చేవి. ఒక ముసలాయన పోతే కిటికీలో ఆయన చుట్టల కట్ట కనిపించింది. "నీ సుట్టలు కిటికీలోనే ఉండిపోనాయి మావా, అగ్గిపెట్టి తడిసిపోనాది మావా" అన్నాను. జీవితమంతా ఆ చుట్టల కోసమే ఆయనతో దెబ్బలాడిన పెళ్ళాం లేచి వెళ్ళి, అగ్గిపెట్టె తెచ్చి ఆయన గుండె మీద పెట్టింది. ఇదంతా నా గొంతు గొప్పతనం, నా మాట చురుకు అనుకునేదాన్ని.

వేట ఆపిన రోజులు

ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు ఆపేస్తారు. మగవాళ్ళందరూ ఇళ్ళలోనే ఉంటారు, ఇళ్ళలో తగువులూ ఉంటాయి. మా ఆయన ఎల్లాజీ గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నేను తల దువ్వుకుంటుంటే దువ్వెన చేతిలోంచి జారిపోయింది. తియ్యబోతే చెయ్యి రాలేదు. "ఏవండీ" అని పిలవబోతే నోరు ఒక పక్కకి పోయి ఏదో చప్పుడు వచ్చింది.

ఎల్లాజీ తలెత్తి చూసి, "ఏటే ఆ ఎటకారం?" అన్నాడు. ముందురోజు గొడవ పడ్డాం, వెక్కిరిస్తున్నాననుకున్నాడు పాపం. నేను ఇంకా గట్టిగా పిలిచాను. అతనికి ఇంకా కోపం వచ్చింది.

అప్పుడే అప్ప వచ్చింది. నా మొహం చూసి నెత్తి మీది చేపల బేసిను గుమ్మంలో దించేసింది. "అది ఎటకారం కాదురా నాయనా, ఆటో పిలు!" అని అరిచింది. చీరైనా మార్చుకోకుండా, నీచు వాసనతోనే నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దారి పొడుగునా నా పడిపోయిన చేతిని రుద్దుతూనే ఉంది. ఆ వాసన పీలుస్తుంటే నాకేమీ కాదనిపించింది.

చెయ్యి తిరిగి వచ్చింది. మాట కూడా కొంచెం ముద్దగా వచ్చి, తర్వాత తేరుకుంది. అదృష్టవంతురాలివి అన్నారు. నేనూ అలాగే అనుకుంటూ పడుకుని ఉండగా, ఎదురు మంచం మీది పెద్దావిడ పోయింది. కోడలు గుండెలు బాదుకుంటోంది. నా లోపల ఆ పాత లాగుడు మొదలైంది, కళ్ళు మండాయి. నోరు తెరిచేసరికి పకపకా నవ్వు బయటికి వచ్చింది. ఆపుకుందామంటే నా వశంలో లేదు. వార్డంతా నావైపు చూసింది.

ఆషాఢం

ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రి గాలికి ఏదో అయిందిలే అనుకున్నాను. బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి. ఆషాఢంలో మా వెనక వీధిలో సింహాద్రి మావ పోయాడు. అలవాటు ప్రకారం నన్ను పిలిచారు. వెళ్ళాను. తల దగ్గర కూర్చున్నాను. మావ కాలి వేళ్ళ మధ్య ఇంకా ఇసుక ఉంది. అది చూడగానే గుండె కలుక్కుమంది, మాట నాలుక చివరికి వచ్చింది. ఆ వెంటనే నవ్వు కమ్ముకుంది. ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వాను.

"ఓలమ్మో! నా ఇంట సావొచ్చి నానుంటే, ఇది నవ్వుతాదేటమ్మా!" అని మావ భార్య నా భుజం పట్టి తోసేసింది. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ స్థానంలో నేనుంటే జుట్టు పట్టుకునేదాన్ని.

ఎల్లాజీ వారం పాటు తలెత్తి వీధిలో నడవలేదు. నాకు గాలి సోకిందని చుట్టాలు తేల్చారు. తగరపువలస దగ్గర ఒకాయన వేపమండలతో కొట్టి గాలి దిగ్గొడతాడంటే అక్కడికి తీసుకెళ్ళారు. ఆయన కొడుతుంటే నొప్పికి ఏడవాల్సింది పోయి పడీపడీ నవ్వాను. పట్టిన దయ్యం మహా మొండిదని చెప్పి పంపించేశాడు. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఇది మాత్రం మామూలు నవ్వే. ఆ రోజు మాత్రం వెనక్కి వచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఈ నోటితో ఇక ఎవరి గుమ్మం తొక్కగలను అనుకున్నాను.

అప్ప ఒక్కతే ఒప్పుకోలేదు. "దెయ్యమూ నేదు, భూతమూ నేదు. దాని కల్లు సూడండర్రా, ఏడుత్తన్నాయి," అని అందరినీ కసిరి, నన్ను మళ్ళీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

నరాల డాక్టరు గది బయట పొడుగాటి బెంచీలుంటాయి. పొద్దున్న వెళితే మధ్యాహ్నం దాకా అక్కడే. పక్కన కూర్చున్న ఒకావిడ తన కొడుకు పరిస్థితి చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటోంది. వద్దు వద్దు అనుకుంటూనే నవ్వేశాను. ఆవిడ మొహం ఎర్రబడింది. అప్పుడు మా అప్ప ఏం చేసిందో తెలుసా? నాకన్నా గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది! నా తొడ మీద చరుస్తూ, "ఓలి నీ తస్సాదియ్యా, ఆ ముక్క మల్లీ గుర్తు సెయ్యకే!" అంది, ఏదో మా ఇద్దరి మధ్య జోకులాగా. అందరూ అప్పనే తిట్టారు, ఆసుపత్రిలో సిగ్గు లేకుండా ఆ ఇకఇకలేమిటని. ఆ రోజు నుంచి బెంచీ మీద నాకు నవ్వొచ్చినప్పుడల్లా అప్ప కూడా నవ్వేది. నా తిట్లన్నీ తను తినేది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నన్ను కాదు, మొదట అప్పని అడిగింది ఏం జరుగుతోందని. అంతా విని నాతో నెమ్మదిగా చెప్పింది. "మీకు పిచ్చి లేదమ్మా. మీకు లోపల వచ్చేది ఏడుపే. మొహం దాకా వచ్చేసరికి దారి తప్పుతోంది. ఇది చాలామందికి వస్తుంది, సిగ్గుపడి చెప్పుకోరు."

"నాను సెప్పలేదేటి!" అంది అప్ప గోడ వైపు తిరిగి, అక్కడ మా చుట్టాలందరూ నిలబడి ఉన్నట్టు.

మందు రాస్తూ డాక్టరమ్మ మరో మాట అంది. నవ్వు తగ్గుతుంది, కొందరికి మిగతావన్నీ కూడా కాస్త మొద్దుబారినట్టు ఉంటాయి, అలా ఉంటే వచ్చి చెప్పండి అని. నేను బుర్ర ఊపాను.

బయటికి వచ్చాక మెట్ల మీద అప్ప కూలబడింది. ఆయాసపడుతోంది. ఏమైందంటే, "ఎండకే" అంది. కొంగుతో మెడ తుడుచుకుని నా వైపు చూసింది. "నాను పోయిన్నాడు నువ్వే ఎత్తాలే రాగం. నవ్వొత్తే నవ్వు. నాకు తెల్దేటి అది నవ్వు కాదని."

"ఊరుకో అప్పా, నువ్వెక్కడికి పోతావు" అన్నాను.

"పోతాను. ఎప్పుడో ఒకనాడు ఈ బేసినొగ్గీసి ఎల్లిపోయి, కాలు మీద కాలేసుకుని కూకుంటాను." చేపలు కొనేవాళ్ళందరితోనూ అనేది ఆ మాట. ముఖ్యంగా కళ్ళద్దాల అమ్మగారితో. ఆవిడ పెదవాల్తేరులో ఉండే రిటైరైన టీచరు, అప్పకు పాత బేరం. ఆవిడ కోసం కానాగంత చేపలు వేరే దాచేది అప్ప. ఇంకెవరైనా అడిగితే పాడైపోయాయని అబద్ధం కూడా ఆడేది. బేరం దగ్గర ఇద్దరూ కాసేపు పోట్లాడుకుని, తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకునేవారు.

మాత్రలు

మాత్రలు పనిచేశాయి. శ్రావణం దాటేసరికి నవ్వు ఆగిపోయింది. ఇంట్లో అందరి మొహాలూ తేటపడ్డాయి. వీధిలోవాళ్ళు మళ్ళీ పలకరించారు.

అంగన్‌వాడీలో పిల్లలకు నేను పీత పిల్ల కథ చెప్పేదాన్ని. నేనే అల్లుకున్న కథ. పీత పిల్ల తప్పిపోతుంది, తల్లి పీత ఇసుకంతా తవ్వుకుంటూ వెతుకుతుంది. నేను తల్లి పీతనై ఏడుస్తుంటే పిల్లలు చాప ఎత్తి కింద చూసేవారు, ఉందేమోనని. మళ్ళీ పనిలోకి వెళ్ళాక ఆ కథే చెప్పాను. పీత పిల్ల తప్పిపోయింది, తల్లి వెతికింది, దొరికింది. ఒక్క ముక్క వదలలేదు. పిల్లలు గుమ్మం బయటికి చూస్తూ కూర్చున్నారు. ఎవరూ చాప ఎత్తలేదు.

ఎల్లాజీకి వేటకు తీసుకెళ్ళిన కేరేజీ బోటులో మర్చిపోవడం అలవాటు. మర్చిపోయి వచ్చిన ప్రతిసారీ నేను తిట్టే తిట్లకి నా నోటికి దండం పెట్టేవాడు. ఆ నెలల్లో ఒకరోజు ఖాళీ చేతులతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను అన్నం వడ్డించాను.

"కేరేజీ మర్సిపోనాను," అన్నాడు.

"సరే."

"ఏటే, ఏటీ అనవేటి?"

"ఏమనాలి?"

అతను కంచం ముందు కూర్చోకుండా బయటికి వెళ్ళి, ఒడ్డున బోటుకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. కిటికీలోంచి చూశాను. చూసి పాత్రలు తోముకున్నాను. డాక్టరమ్మ చెప్పమన్నది ఇదేనని నాకు తట్టలేదు. బాధ అనిపిస్తే కదా వెళ్ళి చెప్పుకోవడానికి.

కార్తీకం

కార్తీకంలో ఒక పొద్దున్న, ఒడ్డున చేపల వేలం పాట జరుగుతుండగా అప్ప పడిపోయింది. ఆసుపత్రి దాకా వెళ్ళలేదు, దారిలోనే అయిపోయింది. నన్ను తిప్పిన ఆసుపత్రిలో తన ఆయాసం గురించి ఒక్కసారైనా చూపించుకోలేదు. నేనైనా అడగలేదు. ఎండకే అంటే ఎండకే అనుకున్నాను. పక్కన కూర్చుని ఎదురుచూసేవాళ్ళకు కూడా ఒళ్ళుంటుందని, దయచేసి మీరైనా గుర్తుపెట్టుకోండి.

బావ ఎప్పుడో పోయాడు. అప్పకు ఒక్కతే కూతురు గౌరి, పెళ్ళై పక్క వీధిలోనే ఉంటుంది. నేను వెళ్ళేసరికి అప్పని వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు, గౌరి ఎదురొచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "పిన్నీ, నువ్వు లోపల కూకో. అందరూ వొచ్చినారు. మల్లీ ఆ నవ్వొత్తే... మా యమ్మ కాడ నవ్వితే నాను తట్టుకోలేను పిన్నీ."

వెనక నుంచి ఎల్లాజీ అన్నాడు: "మీ యమ్మే దీన్ని ఎత్తమన్నాదే అమ్మా. ఎల్లనియ్యి. నవ్వితే నాను తీసుకెల్లిపోతాను."

గౌరి పక్కకు జరిగింది. వెళ్ళి తల దగ్గర కూర్చున్నాను. ఆడవాళ్ళందరూ ఏడుపు తగ్గించారు, నేను ఎత్తుతానని. అప్ప మెడలో తాయెత్తు తాడుకి చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. ఇంత స్నానం చేయించినా అది పోలేదు. ఇంకొక మనిషి దగ్గర అది చాలు నాకు, పది మాటలు వచ్చేవి. నోరు తెరిచాను.

నవ్వు రాలేదు. ఏడుపు కూడా రాలేదు. ఏమీ రాలేదు. బెంచీ మీద ఆవిడ నవ్వింది గుర్తుంది, ఆటోలో నా చెయ్యి రుద్దింది గుర్తుంది, చెప్పాల్సిన కబుర్లన్నీ తెలుసు. ఒక్కటీ గొంతు దాకా ఎక్కలేదు. నా గొంతు అలాగే ఉంది, నా తెలివీ అలాగే ఉంది. ఇన్నాళ్ళూ రాగం తీసింది ఆ రెండూ కావని అప్పుడు తెలిసింది. లోపల లాగేది ఒకటుండేది చూశారూ, అది లేదు. ఖాళీ బావిలో చేద వేసినట్టు నోరు తెరవడం, మూయడం.

అందరూ చూసి చూసి, చివరికి తగరపువలస నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ అందుకుంది. "ఎల్లిపోతన్నావా తల్లీ, మమ్మల్నొగ్గీసి ఎల్లిపోతన్నావా తల్లీ" అని. మంచి మనిషే, మనసుతోనే ఏడ్చింది. కానీ ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. ఏ వీధిలో ఏ తల్లి పోయినా అవే మాటలు. ఊరందరికీ వాళ్ళ వాళ్ళ కబుర్లు చెప్పి పంపిన నేను పక్కనే కూర్చుని ఉండగా, మా అప్ప ఎవరికైనా సరిపోయే మాటలతో వెళ్ళిపోయింది.

సాయంత్రం అందరూ నన్ను మెచ్చుకున్నారు. బాగా తమాయించుకుందన్నారు. గౌరి నా రెండు చేతులూ పట్టుకుని, "మా యమ్మ పరువు నిలబెట్టినావు పిన్నీ," అంది.

పెద్దకార్యం అయిపోయింది. మా దగ్గర పెద్దకార్యం అయ్యాక రాగం ఎత్తకూడదు. పోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూసి ఆగిపోతారంటారు. నా అవకాశం అయిపోయింది.

ఇప్పుడు

తర్వాత ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. బెంచీ మీద నా పక్క జాగా ఖాళీగా ఉంటే ఎవరో వచ్చి కూర్చున్నారు. డాక్టరమ్మ అడిగింది, నవ్వు వస్తోందా? లేదు. ఏడుపు? లేదు. ఆవిడ కలం ఆపి నా మొహం చూసింది. "మీతో వచ్చే అక్కగారేరీ?" చెప్పాను. కరెంటు బిల్లు కట్టానని చెప్పినట్టు చెప్పాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ముందే రావలసింది కదమ్మా," అంది. కాసేపు నా మోచేతి మీద చెయ్యి వేసి ఉంచింది. బయట అంతమంది ఉన్నా తొందరపెట్టలేదు.

మందు కొంచెం కొంచెంగా తగ్గించింది. నవ్వు మళ్ళీ రావచ్చు, పూర్తిగా పోకపోవచ్చు, మీకు ఫరవాలేదా అని అడిగింది. ఫరవాలేదన్నాను. మీరెవరూ మీ అంతట మీరు మాత్రలు మానెయ్యకండి, నేను ఆవిడ చెప్పినట్టే చేశాను.

మాఘం వచ్చేసరికి, ఎల్లాజీ కేరేజీ మర్చిపోయి వస్తే చిన్నగా చిరాకు వేసింది. "బుర్ర కూడా అక్కడే ఒగ్గీసి రావలసినాది," అన్నాను. అతను ఆ రాత్రి రెండోసారి కూడా అన్నం పెట్టించుకుని తిన్నాడు.

రోడ్డు పక్క అప్ప చోటులో ఇప్పుడు గౌరి కూర్చుంటోంది. ఆదివారాలు నేనూ వెళతాను. మొన్నొక ఆదివారం పొద్దున్న గౌరి ఐసు తేవడానికి వెళితే, అప్ప కత్తిపీట ముందు నేను కూర్చున్నాను. గొడుగు నీడ నా మీద పడింది. తలెత్తితే కళ్ళద్దాల అమ్మగారు. ఏటా కొన్ని నెలలు హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్ళి వస్తుంది. ఆవిడకు తెలియదు.

"పోలమ్మేదీ?" అంది. "నాకు కానాగంతలు దాచిందా లేదా?"

చెప్పాలని నోరు తెరిచాను. లోపల ఎక్కడో లాగింది. ఎన్ని నెలలైందో అది లాగి! వెంటనే నవ్వు వచ్చేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారేలా, ఒళ్ళంతా ఊగేలా.

ఆవిడ ఒక్క క్షణం నన్ను వింతగా చూసింది. తర్వాత తానూ నవ్వడం మొదలుపెట్టింది. "ఏమిటి, మొత్తానికి వెళ్ళిందా? బేసిను వదిలేసి, కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడానికి? ఎన్నేళ్ళ నుంచి అంటోంది, గట్టిదే!"

నేను తల ఊపాను. నవ్వు ఆగితే కదా ఇంకేమైనా చెప్పడానికి.

"పోనీలే, సుఖపడనీ. నేను అడిగానని చెప్పు."

"చెప్తానమ్మా," అన్నాను.

చేపలు తీసుకుని, తనలో తను నవ్వుకుంటూ ఆవిడ వెళ్ళిపోయింది. గొడుగు మలుపు తిరిగేదాకా చూశాను. మాటిచ్చాను కదా, చెప్పాలి. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, జనం బేరాలాడుతున్నారు. పెద్దకార్యం ఎప్పుడో అయిపోయింది, ఎత్తకూడదు. ఎత్తాను.

"నీ కల్లద్దాలమ్మగారొచ్చినాది అప్పా... నీ కోసం అడిగినాది అప్పా... కానాగంతలు దాసినావా అని అడిగినాది అప్పా... నువ్వు కాలు మీద కాలేసుకుని కూకున్నావనుకుంటన్నాది అప్పా..."

ప్రతి మాటకీ మధ్య నవ్వే. జనం ఆగి చూస్తున్నారు. ఎవరో నాకు మతి పోయిందన్నారు. గౌరి ఐసు బస్తాతో పరిగెత్తుకొచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. దాని చెయ్యి చల్లగా ఉంది. నా కళ్ళలోకి చూసింది. తర్వాత చెయ్యి తీసేసి, తడి బస్తా ఒళ్ళో పెట్టుకుని నా పక్కన చతికిలబడింది.

"నాను ఐసుకెల్లొచ్చినానని కూడా సెప్పు పిన్నీ, మా యమ్మకి," అంది.

చెప్పాను.